మాంగనీసు పొగ నుంచి మెదడుకి రక్షణ: మాత్రలా, కీలేషనా, ముక్కు దగ్గరే ఆపడమా?

మాంగనీసు విషం అని ఒక్కమాటలో తేల్చెయ్యడానికి లేదు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో పుట్టే సూపర్ఆక్సైడ్ అనే హానికర ఆక్సిజన్ రూపాన్ని చల్లార్చే ఎంజైమ్‌కి అది కావాలి. పెద్దవాళ్లకి రోజుకి 2 మిల్లీగ్రాములు అటూ ఇటూ చాలు, మామూలు తిండిలోనే దొరుకుతుంది. తిన్నదాంట్లో పేగు లోపలికి రానిచ్చేది నూటికి ఐదు వంతుల లోపే. ఎక్కువైనది కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపేస్తుంది. ఈ రెండు కాపలాలూ తిండి దారిలోనే ఉన్నాయి, ఊపిరి దారిలో లేవు. గొడవంతా అక్కడే.

వెల్డింగ్ పొగలోనో, ఖనిజం దుమ్ములోనో పీల్చిన మాంగనీసు కాలేయం గడప తొక్కకుండానే రక్తంలో కలిసి మెదడుకి చేరుతుంది. కొంత భాగం వాసన నాడి పట్టుకుని నేరుగా మెదడులోకి పోతుందని జంతువుల మీద ప్రయోగాల్లో కనిపించింది. స్కాట్లండ్ వైద్యుడు కూపర్ 1837లోనే, మాంగనీసు ఖనిజాన్ని పొడిచేసే కార్మికులకి కాళ్లు పట్టు తప్పడం, మాట సన్నగిల్లడం గురించి రాశాడు. ముదిరితే మనిషి మునివేళ్ల మీద కోడిపుంజులా నడుస్తాడు, వెనక్కి అడుగు వేయబోతే పడిపోతాడు.

మెదడులో ఈ లోహం ఎక్కువగా చేరేది నాడీకణాలకి తోడుండే ఆస్ట్రోసైట్లు అనే కణాల్లోకి. నాడీకణాలు వదిలిన గ్లుటామేట్ అనే సంకేత రసాయనాన్ని ఎప్పటికప్పుడు ఎత్తేసేది ఇవే. మాంగనీసు పేరుకుంటే ఆ ఎత్తివేత మందగిస్తుంది. మిగిలిపోయిన గ్లుటామేట్ పక్క కణాలని ఊపిరాడనివ్వకుండా రెచ్చగొడుతుంది. మైటోకాండ్రియాలో ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది, మైక్రోగ్లియా అనే మెదడు కాపలా కణాలు వాపు రసాయనాలు వదులుతాయి. కణం చూస్తూ ఊరుకోదు. ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి ఆ ఒత్తిడిని చల్లార్చే గ్లూటాథియోన్‌ని తయారుచేసే జన్యువులని మేల్కొలుపుతుంది. పాడైన మైటోకాండ్రియాని కణం తనే విడగొట్టి పారేస్తుంది. కాకపోతే ఇదంతా కొద్దిరోజుల దాడిని తట్టుకోవడానికే. నెలల తరబడి లోహం వస్తూ ఉంటే ఈ సర్దుబాటే అలిసిపోతుంది.

ఇక చేతిలో ఉన్న దారులు చూద్దాం.

మొదటిది, ఆ ఎన్‌ఆర్‌ఎఫ్2 పనికి సాయంగా యాంటీఆక్సిడెంట్ మాత్రలు. ఎలుకల్లో, గాజు పళ్లాల్లో పెంచిన కణాల్లో ఎన్-ఎసిటైల్ సిస్టీన్, విటమిన్-ఇ లాంటివి నష్టాన్ని తగ్గించాయి. చాలా ప్రయోగాల్లో వాటిని మాంగనీసు కన్నా ముందో, దానితో పాటో ఇచ్చారన్నది మర్చిపోకూడదు. ఏళ్లుగా పొగ పీలుస్తున్న కార్మికుణ్ణి అవి కాపాడతాయని రుజువు కాలేదు. పైగా లోహం ఎక్కడిదక్కడే ఉంటుంది. పొయ్యి మంట తగ్గించకుండా పొంగు మీద నీళ్లు చిలకరించడం లాంటిది ఇది. నేనైతే వీటికి డబ్బు పెట్టను.

రెండోది కీలేషన్, అంటే లోహాన్ని పట్టుకుని ఒంట్లోంచి బయటికి తెచ్చే మందు ఇవ్వడం. కాల్షియం ఇ.డి.టి.ఏ.ని నరంలోకి ఎక్కిస్తే మూత్రంలో మాంగనీసు బాగా పెరుగుతుంది, అంటే లోహం బయటికి పోతోందన్నమాట. కానీ ఆ మందు మెదడులోకి పెద్దగా వెళ్లదు, జింక్‌ని కూడా లాక్కుపోతుంది, మూత్రపిండాల మీద ఓ కన్ను వేసి ఉంచాలి. కొందరు కోలుకున్నారు, పాత రోగంలో చాలామందికి తేడా కనిపించలేదు. పార్కిన్సన్స్‌కి ఇచ్చే లివోడోపా మందు కూడా ఇక్కడ సాధారణంగా పట్టదు. పార్కిన్సన్స్‌లో డోపమైన్ చేసే కణాలు పోతాయి. ఇక్కడ అవి చాలావరకు మిగిలే ఉంటాయి, దెబ్బ ఎక్కువగా తగిలేది మెదడు లోపల కదలికలని అదుపు చేసే గ్లోబస్ పాలిడస్‌కి.

కీలేషన్ నిజంగా అక్కరకొచ్చేది పుట్టుకతో వచ్చే ఒక లోపంలో. కణం నుంచి మాంగనీసుని బయటికి తోసే ఎస్‌ఎల్‌సి30ఎ10 అనే పంపు పాడైన పిల్లలకి, ఏ పొగా పీల్చకపోయినా, మామూలు తిండికే కాలేయంలో, మెదడులో ఆ లోహం పేరుకుపోతుందని 2012లో బయటపడింది. కవచాలన్నీ ఉన్నా తోసే పంపు లేకపోతే కణం గెలవలేదన్నమాట.

అందుకే నా ఓటు మూడోదానికి, పొగని ముక్కు దాకా రానివ్వకపోవడానికి. వెల్డర్ పని మీదికి వంగినప్పుడు చూడండి. ఆర్క్ (లోహాన్ని కరిగించే విద్యుత్ మెరుపు) దగ్గర లేచిన పొగ నిటారుగా పైకొచ్చి ముఖానికి పెట్టుకున్న షీల్డ్ కింది అంచు నుంచి లోపలికి దూరుతుంది. షీల్డ్ కంటిని వెలుగు నుంచి కాపాడుతుంది, పొగని ఆపదు. ఆ పొగ కణాలు చాలామటుకు ఒక మైక్రాన్ కన్నా చిన్నవి, ముఖానికి కట్టిన గుడ్డ వాటికి అడ్డేం కాదు. ఆర్క్ పక్కనే పొగని పీల్చేసే గొట్టం పెట్టడం అన్నిటికన్నా మేలు, దాని తర్వాతే సరిగ్గా ముఖానికి అతుక్కునే రెస్పిరేటర్.

ఎంత పొగ దాకా పర్వాలేదన్నదానికి లెక్కలు కూడా ఒకటి కావు. అమెరికా చట్టం ఘనపు మీటరు గాలిలో 5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. అక్కడి పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం 2013లో, ఊపిరితిత్తుల లోతుకి చేరే సన్న కణాలకి 0.02 చాలంది. కొలిచే తీరు వేరే అయినా, చట్టం లోపలే ఉన్నాం కదా అని నిశ్చింతగా కూర్చునే తేడా కాదది.

ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఇంకొకటుంది, ఐరన్. పేగులో ఐరన్, మాంగనీసు లోపలికి వచ్చే తలుపు ఒకటే. ఐరన్ తగ్గితే శరీరం ఆ తలుపు ఇంకా బార్లా తెరుస్తుంది, మాంగనీసు కూడా దూరిపోతుంది. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించి లోటుంటే పూడ్చుకోవడం తేలికైన పని, మాత్రల డబ్బాల కన్నా చవక కూడా.

అనుమానం వస్తే తీసే ఎమ్మారై స్కాన్‌లో గ్లోబస్ పాలిడస్ తెల్లగా మెరుస్తుంది. పొగలో పని మానేసిన కొన్ని నెలలకి ఆ మెరుపు పోతుంది, రోగం మాత్రం ముందుకి పోతూనే ఉండొచ్చు. కాబట్టి ఆఖరుసారి పొగలో పనిచేసింది ఎప్పుడో స్కాన్‌కి ముందే డాక్టరుకి చెప్పాలి.