దగ్గరి నుంచి జింక వేటకు ఏ తూటా మేలు? నా వాడకంలో తేలింది

దట్టమైన అడవిలో జింక ముప్పై, నలభై గజాల్లోనే ఎదురవుతుంది. అంత దగ్గరైతే ఏ తూటా అయినా ఒకటేనని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. తూటాకు అసలు పరీక్ష దగ్గరి దూరంలోనే, ఎందుకంటే అక్కడ దాని వేగం ఇంకా తగ్గి ఉండదు. .308 విన్‌చెస్టర్ అనే రైఫిల్ తూటా రకంలో 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలిచే చిన్న ప్రమాణం) మామూలు సాఫ్ట్ పాయింట్, అంటే మొన దగ్గర సీసం బయటికి కనబడే తూటా, గొట్టం దాటేటప్పుడు సెకనుకు దాదాపు 2,820 అడుగుల వేగంతో ఉంటుంది. 200 గజాలు వెళ్లేసరికి అది సుమారు 2,260కి పడిపోతుంది. దూరంలో తగిలి చక్కగా విచ్చుకునే (మొన పువ్వులా వెడల్పయ్యే) తూటాయే దగ్గరలో ముక్కలైపోవడానికి కారణం ఇదే.

పల్చటి తొడుగు, ప్లాస్టిక్ మొన ఉన్న తేలిక తూటాలు కొన్నాళ్లు వాడాను. పక్కటెముకల మధ్య నుంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే జింక అక్కడికక్కడే పడిపోయేది. భుజం ఎముకకు తగిలితే మాత్రం కథ వేరు. ఒకసారి చర్మం ఒలిచి చూస్తే భుజం మీద అరచేతి వెడల్పున మాంసం నుజ్జయి, నల్లటి జిగురులా గడ్డకట్టి ఉంది. సీసం ఎటుపోయిందో తెలియదు, చిరిగిన రాగి తొడుగు మాత్రం ఎముక పక్కనే ఇరుక్కుని కనబడింది. అవతలి వైపు రంధ్రమే లేదు. అంటే నేల మీద నెత్తుటి జాడ పెద్దగా పడదు, పొదల్లో జింకను వెతకడం కష్టం. పైగా సీసం తునకలు గాయం చుట్టూ చాలా దూరం చెదురుతాయి, ఆ భాగం ధారాళంగా కోసి పారేయాల్సిందే. తినడానికే వేటాడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఆ తర్వాత నోస్లర్ కంపెనీ 165 గ్రెయిన్ల పార్టిషన్ తూటాకు మారాను. 1948 నుంచి అమ్మకంలో ఉన్న డిజైన్ ఇది. లోపల అడ్డంగా ఒక గోడ ఉంటుంది. ముందు సగం విచ్చుకుని కొంత రాలిపోయినా, గోడ వెనక సగం చెక్కుచెదరకుండా ముందుకు దూసుకెళ్తుంది. భుజానికి తగిలినా అవతలికి దాటింది. సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ తూటాలూ నాకు దాదాపు ఇలాగే పనిచేశాయి.

ఇప్పుడు నా రైఫిల్‌లో ఎక్కువగా ఉండేది బార్న్స్ కంపెనీ టీఎస్‌ఎక్స్ తూటా, మొత్తం రాగే. రాగి తూటా విచ్చుకోవాలంటే వేగం కావాలి, దగ్గరి దూరంలో దానికి కొదవ లేదు. అందుకే ఈ రకం వేటకు ఇది సరిగ్గా కుదురుతుందని నా అభిప్రాయం. మొన నాలుగు రేకులుగా వెనక్కి మడుచుకుంటుంది, బరువు దాదాపు తగ్గదు, మాంసం తక్కువ పాడవుతుంది. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకు తూటా పొడవు పెరుగుతుంది. అందుకే 165కి బదులు 150తో సరిపెట్టుకోవచ్చు. లోటు కూడా చెప్పాలి: ఎముక తగలకపోతే జింక కొంత దూరం పరుగెత్తాకే పడుతుంది. ధర కూడా ఎక్కువే. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం తూటాలు పూర్తిగా నిషేధం కాబట్టి అక్కడివాళ్లు సీసం లేని రకమే వాడాలి.

పాత లీవర్ యాక్షన్ (ట్రిగ్గర్ కింది పిడిని ఆడించి తూటా ఎక్కించే) .30-30 రైఫిల్ ఉన్నవాళ్లకు ఇంత టెన్షన్ అక్కర్లేదు. 170 గ్రెయిన్ల చదును మొన తూటా సుమారు 2,200 అడుగుల వేగంతోనే బయల్దేరుతుంది కాబట్టి దగ్గరలోనూ చిట్లిపోదు. ఆ రైఫిళ్లలో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉండే గొట్టం మ్యాగజైన్‌లో మాత్రం గట్టి సూది మొన తూటాలు పెట్టకండి, మొన ముందున్న తూటా ప్రైమర్‌కు (అడుగున మందును అంటించే భాగానికి) గుచ్చుకుని పేలే ప్రమాదం ఉంది. ఫుల్ మెటల్ జాకెట్‌ను, అంటే మొనతో సహా లోహపు తొడుగు కప్పిన తూటాను, జింక మీద వాడనే వద్దు. అది విచ్చుకోకుండా సన్నటి రంధ్రం చేసి వెళ్లిపోతుంది, జంతువు గాయంతో గంటల తరబడి బాధపడుతుంది.

గట్టి తూటా జింకను దాటి ఇంకా ముందుకు పోతుందని మాత్రం మరవకండి. దాని వెనక మట్టి గట్టు ఉందా, ఇంకేమైనా ఉందా అని చూసుకున్నాకే ట్రిగ్గర్ మీద వేలు పెట్టాలి. తూటా రకం మారిస్తే రైఫిల్‌ను మళ్లీ జీరో చేసుకోవాలి, అంటే గురి పెట్టిన చోటే తగిలేలా సరిచూసుకోవాలి. ఒకే బరువున్న రెండు రకాలు కూడా 100 గజాల దగ్గర వేర్వేరు చోట్ల తగలొచ్చు.