జూనిపర్ ఎంఎక్స్‌లో ఎల్‌ఎస్‌పీ లోడ్ బ్యాలెన్సింగ్: పనితనం గట్టిది, డిఫాల్టే తిక్కది

ఎల్‌ఎస్‌పీ అంటే ఎంపీఎల్‌ఎస్ నెట్‌వర్క్‌లో లేబుళ్లు అంటించిన ప్యాకెట్లు వెళ్లే, ముందే వేసిన దారి; దాన్ని వేసే పద్ధతుల్లో ఒకటి ఆర్‌ఎస్‌వీపీ. ఒకే ఎగ్రెస్ (దారి ముగిసే) రౌటర్‌కి సమాన మెట్రిక్‌తో (దారి ఖర్చుతో) రెండు ఆర్‌ఎస్‌వీపీ ఎల్‌ఎస్‌పీలు వేసినంత మాత్రాన జూనోస్ (ఎంఎక్స్ రౌటర్ల ఆపరేటింగ్ సిస్టమ్) ట్రాఫిక్‌ని పంచదు. ప్రిఫిక్స్‌కి (గమ్యం ఐపీ అడ్రస్‌ల గుంపుకి) ఒక్క నెక్స్ట్ హాప్‌నే (తర్వాతి అడుగునే) ఫార్వర్డింగ్ టేబుల్‌లోకి, అంటే ప్యాకెట్లు పంపేటప్పుడు నిజంగా చూసే పట్టికలోకి, దించుతుంది. బరువైన ప్రిఫిక్స్ ఏ లింక్‌ మీద పడితే అది నిండిపోతుంది, పక్కది ఖాళీగా ఉంటుంది. పైగా 'షో రూట్' కొడితే రెండు దారులూ కనిపించి మోసం చేస్తాయి. నమ్మాల్సింది 'షో రూట్ ఫార్వర్డింగ్-టేబుల్'ని. టైప్ దగ్గర యూఎల్‌ఎస్‌టీ (యూనిలిస్ట్, నెక్స్ట్ హాప్‌ల జాబితా) అని ఉండి, కింద రెండు నెక్స్ట్ హాప్‌లూ ఉంటేనే పంపకం జరుగుతున్నట్టు.

మందు చిన్నదే. 'దెన్ లోడ్-బ్యాలెన్స్ పర్-ప్యాకెట్' అని పాలసీ రాసి, రూటింగ్-ఆప్షన్స్‌లో ఫార్వర్డింగ్-టేబుల్‌కి ఎక్స్‌పోర్ట్‌గా తగిలించాలి. పేరు చూసి కంగారుపడొద్దు, ఎంఎక్స్‌లో జరిగేది ఫ్లో వారీ పంపకమే, అంటే ఒక సంభాషణ ప్యాకెట్లన్నీ ఒకే దారిన పోతాయి.

దారులు సమానం కాకపోతే ఆర్‌ఎస్‌వీపీ కింద 'లోడ్-బ్యాలెన్స్ బ్యాండ్‌విడ్త్' బాగా పనిచేస్తుంది. ఒక ఎల్‌ఎస్‌పీకి 2 గిగాబిట్లు, ఇంకోదానికి 8 గిగాబిట్లు ఇస్తే 'షో రూట్ డీటెయిల్'లో బ్యాలెన్స్ 20%, 80% అని చూపాలి. కమిట్ చేసినా మారలేదంటే, అప్పటికే నడుస్తున్న ఎల్‌ఎస్‌పీలు పాత పద్ధతిలోనే ఉంటాయి కాబట్టి. 'క్లియర్ ఎంపీఎల్‌ఎస్ ఎల్‌ఎస్‌పీ' కొట్టాలి, అదీ మెయింటెనెన్స్ విండోలోనే. రెండు ఎల్‌ఎస్‌పీలూ ఒకే ఫైబర్ మీద కూర్చోలేదు కదా అన్నదీ చూసుకోండి.

అసలు తలనొప్పి సూడోవైర్లతో (కస్టమర్ ఈథర్నెట్ ఫ్రేమ్‌లని ఎంపీఎల్‌ఎస్ మీదుగా తీగలా మోసే దారులు). లేబుళ్ల కింద ఏముందో మధ్యలో ఉన్న రౌటర్‌కి ఎవరూ చెప్పరు. లేబుళ్ల తర్వాతి మొదటి నాలుగు బిట్లు చూసి 4 అయితే ఐపీవీ4, 6 అయితే ఐపీవీ6 అని ఊహించుకుంటుంది. గమ్యం మ్యాక్ అడ్రస్ 4తోనో 6తోనో మొదలైతే ఈథర్నెట్ ఫ్రేమ్‌ని ఐపీ అనుకుని ఎక్కడివో బైట్లని హాష్ చేస్తుంది (దారి ఎంచుకునే లెక్కలో వేస్తుంది). ఒకే సెషన్ ప్యాకెట్లు వేర్వేరు దారులు పట్టి ముందువెనకలవుతాయి. లింకులన్నీ పచ్చగా, ఎర్రర్ కౌంటర్లు సున్నాగా ఉండగా కస్టమర్ మాత్రం స్లో అంటాడు. రెండు చివర్లా కంట్రోల్-వర్డ్ (ఫ్రేమ్ ముందు చేరే చిన్న హెడర్) పెడితే అక్కడ 0 వస్తుంది, ఊహ ఆగిపోతుంది. అయితే అప్పుడు సూడోవైర్ మొత్తం ఒకే దారిన పోయే ప్రమాదం ఉంది. దానికే ఫ్లో లేబుల్ (ఆర్‌ఎఫ్‌సీ 6391), ఎంట్రోపీ లేబుల్ (ఆర్‌ఎఫ్‌సీ 6790): ఒక్కో ఫ్లోకి ఒక్కో విలువ వేసి, మధ్య రౌటర్లు దాన్ని చూసి పంచేలా చేస్తాయి. రెండోది ఎగ్రెస్ కూడా ఒప్పుకుంటేనే ఎక్కుతుంది. 7 అనే సూచిక లేబుల్‌తో కలిపి ప్యాకెట్‌కి 8 బైట్లు పెరుగుతాయి, కోర్ లింకుల ఎంటీయూలో (పట్టే గరిష్ఠ ప్యాకెట్ సైజులో) ఆ చోటు ముందే ఉంచండి.

ఒకే టీసీపీ సెషన్‌లో నడిచే భారీ బ్యాకప్‌ని మాత్రం వీటిలో ఏదీ చీల్చదు. దానికి లింక్ పెద్దది వేయాల్సిందే.