61 కీల కీబోర్డుకు టచ్ పట్టీ: ఎంపీఆర్ 121 మాడ్యూల్ సమీక్ష

నేను రోజంతా తెలుగు ప్రూఫులు దిద్దుతూ ఉంటాను. నా బల్ల మీద ఉన్నది 61 కీల చిన్న కీబోర్డు. 104 కీల పూర్తి కీబోర్డులో ఉండే అంకెల భాగం, పై ఫంక్షన్ వరుస, బాణం కీలు ఇందులో లేవు. చేతులు అటూ ఇటూ సాగకుండా అన్నీ అందుబాటులో ఉండడం దీని సుఖం. కర్సర్‌ను ఒక్క అడుగు జరపాలన్నా ఎఫ్ఎన్ కీని పట్టుకొని మరొక కీ నొక్కవలసి రావడం దీని కష్టం. ప్రూఫు దిద్దేవారికి కర్సర్ నడకే సగం పని కనుక, ఆ ఒక్క లోటు తీర్చుకోవడానికి ఎంపీఆర్ 121 అనే టచ్ మాడ్యూల్ కొని కీబోర్డులో అమర్చుకున్నాను. కొన్ని నెలలు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ చిప్‌కు 12 టచ్ బిందువులు ఉంటాయి. ఒక్కొక్క బిందువుకు ఒక రాగి ముక్కను తీగతో కలిపితే, వేలు దగ్గరకు వచ్చినప్పుడు ఆ ముక్క కెపాసిటెన్స్‌లో, అంటే విద్యుదావేశాన్ని పట్టి ఉంచే శక్తిలో, కలిగే చిన్న మార్పును చిప్ కొలిచి, తాకినట్టు తెలియజేస్తుంది. కదిలే భాగం ఏదీ లేదు, అరిగిపోయేది లేదు. ఇది 1.71 నుంచి 3.6 వోల్టుల మధ్య పనిచేస్తుంది. నా కీబోర్డు బుర్ర ఆర్‌పీ 2040 చిప్, అదీ 3.3 వోల్టులదే కాబట్టి కరెంటుకు రెండు తీగలు, చిప్‌లు మాట్లాడుకొనే ఐ2సీ పద్ధతి సంకేతాలకు రెండు తీగలు, మొత్తం నాలుగింటితో పని అయిపోయింది. 5 వోల్టుల పాత బోర్డు వాడేవారు మాత్రం తమ మాడ్యూల్ మీద వోల్టేజి మార్చే ఏర్పాటు ఉన్నదో లేదో చూసుకొనే కొనాలి.

ప్రోగ్రాము సంగతి త్వరగా తేలిపోయింది. చిన్న బోర్డుల కోసం చేసిన పైథాన్ భాష అయిన సర్క్యూట్‌పైథాన్‌లో ఈ చిప్‌కు లైబ్రరీ, అంటే ముందే రాసి పెట్టిన ప్రోగ్రాము, సిద్ధంగా ఉంది, సర్క్యూట్‌పైథాన్ మీదే నడిచే కేఎంకే అనే కీబోర్డు ఫర్మ్‌వేర్‌లో నాకు కావలసిన కొద్దిపాటి భాగం ఒక సాయంత్రంలో రాసుకోగలిగాను. అసలు శ్రమంతా రాగి ముక్కలతోనే. స్పేస్ బార్ కింద, ప్లాస్టిక్ పెట్టె ముందు అంచు లోపలివైపు, కుడి బొటనవేలు సహజంగా వాలే చోట, మొదట రాగి టేపును ఎనిమిది దీర్ఘచతురస్రాలుగా కత్తిరించి వరుసగా అతికించాను. వేలు జరుపుతుంటే రెండు ముక్కల నడుమ సందులోకి వచ్చిన ప్రతిసారీ చిప్‌కు వేలు కనిపించకుండా పోయి, కర్సర్ ఆగి ఆగి నడిచింది. టేపు పీకేసి, ముక్కలను ఏటవాలుగా కోసి, ఒకదాని కొన పక్కదాని మీదుగా సాగేటట్టు మళ్ళీ అతికించాక, వేలు ఎప్పుడూ కనీసం ఒక ముక్క మీద ఉంటూ నడక సాఫీ అయింది. మిగిలిన నాలుగు బిందువులను కుడి పక్క అంచుకు ఇచ్చి, పేజీని పైకీ కిందికీ జరపడానికి వాడుతున్నాను.

తెలుగుకు ఈ పట్టీ ఎంత చక్కగా కుదిరిందో ప్రత్యేకంగా చెప్పాలి. ‘లక్ష్మి’ అన్న మాటలో కంప్యూటరు లెక్క ప్రకారం ఏడు సంకేతాలు ఉన్నాయి, కానీ నేను వాడే ఎడిటర్‌లో కర్సర్ ‘ల’ దాటి ఒక అడుగు, ‘క్ష్మి’ దాటి మరొక అడుగు మాత్రమే వేస్తుంది. అంటే పట్టీ మీద ఒక ముక్క నుంచి పక్క ముక్కకు వేలు జరిగితే, కంటికి కనిపించే ఒక అక్షరం దాటినట్టు. తప్పు ఉన్న చోటును చూస్తూనే బొటనవేలు జార్చి అక్కడికి చేరవచ్చు, చూపు కీబోర్డు మీదికి దించనక్కరలేదు.

ఈ చివరి మాటకు నేను చాలా విలువ ఇస్తాను. 2016లో ఆపిల్ సంస్థ మ్యాక్‌బుక్ ప్రోలో ఫంక్షన్ వరుసను తీసివేసి, ఆ స్థానంలో టచ్ బార్ అనే సన్నని టచ్ తెర పెట్టింది. మొదట ఎస్కేప్ కీ కూడా అందులోనే కలిసిపోయింది. 2019లో ఎస్కేప్ విడి కీగా తిరిగి వచ్చింది, 2021 నమూనాలలో మొత్తం వరుసే వెనక్కి వచ్చింది. వేలికి తగిలే అంచు లేని చోట ఒక కీని గుడ్డిగా నొక్కడం ఎవరికైనా కష్టమే. 2023లో వచ్చిన హెచ్‌హెచ్‌కేబీ స్టూడియో అనే చిన్న కీబోర్డు దారి వేరు. అది కీలను ఉన్నచోటనే ఉంచి, పెట్టె ముందు, పక్క అంచులలో నాలుగు టచ్ పట్టీలను అదనంగా చేర్చింది. నా అమరికకు ప్రేరణ అదే. జరిపే పని టచ్‌కు, నొక్కే పని కీకి ఇచ్చినప్పుడే చిన్న కీబోర్డుకు మేలు జరుగుతుందని నా అభిప్రాయం.

ఇక జాగ్రత్తలు. లైబ్రరీలో వేలు తాకినట్టు లెక్కించే హద్దు 12, తీసినట్టు లెక్కించే హద్దు 6గా ఉంటాయి. ఆ విలువలతో టైపు చేస్తుంటే బొటనవేలు ఊరికే అంచున ఆనినా కర్సర్ కదిలిపోయేది. వాటిని 20, 10కి పెంచి, వేలు వరుసగా మూడు ముక్కలు దాటాకే కర్సర్ నడక మొదలుకావాలన్న నియమం పెట్టాక ఆ బాధ దాదాపు తీరింది. కేబుల్ పెట్టే క్షణంలో చిప్ వేలు తగలనప్పటి ఆధార విలువను కొలుచుకుంటుంది కనుక, అప్పుడు చేయి పట్టీ మీద ఉంటే లెక్క తప్పుతుంది, కేబుల్ తీసి మళ్ళీ పెట్టాలి. ఎర్తు లేని రెండు పిన్నుల ఛార్జరుతో ల్యాప్‌టాప్ నడిచినప్పుడు పట్టీ తడబడింది, ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గుకు మారగానే కుదుటపడింది. మే నెల ఉక్కపోతలో చెమట వేలితో మాత్రం ఇప్పటికీ ఒకటి రెండు అక్షరాలు అదనంగా దాటుతుంది, తుడుచుకోవడం తప్ప నాకు వేరే ఉపాయం దొరకలేదు.

అల్యూమినియం పెట్టె ఉన్న కీబోర్డు వారికి ఇలా లోపలివైపు అతికించే పద్ధతి పనికిరాదు, లోహం వేలిని చిప్‌కు కనిపించనివ్వదు. ప్లాస్టిక్ పెట్టె, సోల్డరింగ్ కొంత అలవాటు, టేపును రెండోసారి కోసుకొనే ఓపిక ఉన్నవారు ఈ మాడ్యూల్‌ను నిస్సందేహంగా కొనవచ్చు. నేను రెండో కీబోర్డు కోసం ఇంకొకటి తెప్పించుకున్నాను. ఈసారి పట్టీని ఎడమ బొటనవేలి కిందకు కూడా పొడిగించబోతున్నాను.