కోల్డ్ స్టోరేజీకి ముందు కూరగాయలకు చేసే ట్రీట్‌మెంట్లు: ఏళ్లుగా వాడాక నా అభిప్రాయం

కూరగాయలను నిల్వ గదిలోకి పంపే ముందు చేసే ట్రీట్‌మెంట్లు చాలానే వాడాను. అన్నింటిలోకీ నేను వదులుకోలేనిది క్యాప్సికమ్‌కు చేసే వేడినీళ్ల కడుగు. 55 డిగ్రీల నీళ్లు కాయల మీద పడుతుంటే, కింద మెత్తటి బ్రష్‌లు తిరుగుతుంటాయి. మొత్తం పని 12 సెకన్లే. ఆ కాస్త వేడికే పైనున్న బూజు విత్తనాలు చాలావరకు పోతాయి, తొక్క మీది సన్నటి పగుళ్లను కాయకు సహజంగా ఉండే మైనపు పొర కరిగి కప్పేస్తుంది. క్యాప్సికమ్ కుళ్ళు ఎక్కువగా తొడిమ దగ్గరే మొదలవుతుంది కాబట్టి నేను ముందు చూసేది అక్కడే. కడిగిన కాయల్లో తొడిమ పచ్చగా, గట్టిగా నిలుస్తుంది. చలిని తట్టుకునే శక్తి కూడా కొంత పెరుగుతుంది. అలాగని గదిని 7 డిగ్రీల కిందికి దించకూడదు. దించితే తొక్క గుంటలు పడుతుంది, ఆ గుంటల్లోకి నల్ల బూజు దిగుతుంది. నీళ్ల వేడి మాత్రం కచ్చితంగా ఉండాలి. తగ్గితే బూజుకేమీ కాదు, పెరిగితే తొక్క కమిలిపోతుంది. మంచి థర్మామీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

క్లోరిన్ నీళ్ల గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. అది కాయలోని కుళ్ళును నయం చేయదు. ఒక కాయ మీది రోగం నీళ్ల ద్వారా మిగతా కాయలకు అంటకుండా ఆపుతుంది, అంతే. అదీ నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 6.5 నుంచి 7.5 మధ్య ఉంటేనే. 8 దాటితే ఎంత క్లోరిన్ పోసినా పని సగం కూడా జరగదు. మట్టి, ఆకుల ముక్కలు కలిసినా దాని బలం త్వరగా పడిపోతుంది, అందుకే నీళ్లు మారుస్తూ ఉండాలి. టమాటాలకైతే ఇంకో జాగ్రత్త: నీళ్లు కాయ కన్నా ఓ 5 డిగ్రీలు వెచ్చగా ఉండాలి. చల్లటి నీళ్లలో వేస్తే లోపలి గాలి కుంచించుకుపోయి, తొడిమ మచ్చ గుండా నీటిని, దానితో పాటు క్రిములను లోపలికి పీల్చుకుంటుంది.

కాయలు పండేలా, కూరగాయలు పసుపెక్కేలా చేసే ఇథిలీన్ పనిని అడ్డుకునే 1-ఎంసీపీ వాయువు బ్రకోలీకి బాగా పనికొచ్చింది. పసుపెక్కడం చాలా ఆలస్యమవుతుంది. టమాటాకు వాడాలంటే మాత్రం నాకు ఇప్పటికీ టెన్షనే. మరీ పచ్చిగా ఉన్న కాయలకు పెడితే తర్వాత రంగు సమంగా తిరగదు. కాస్త రంగు తిరిగిన కాయలైతే ఫలితం నమ్మకంగా ఉంటుంది. గది గాలి బయటికి పోకుండా ఉండాలి, లేకపోతే డబ్బు దండగ. క్యారెట్‌కు ఈ వాయువు కన్నా ముందు కావలసింది పండ్లకు దూరం. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ తగిలితే క్యారెట్ చేదెక్కుతుంది.

క్యారెట్‌కు పెట్టె లోపల పరిచే చిల్లుల పాలిథిన్ లైనర్ చాలు. 0 డిగ్రీల దగ్గర, 98 శాతం తేమలో గట్టిగా నిలుస్తుంది. గది ఉష్ణోగ్రత ఊగిసలాడితే మాత్రం లైనర్ లోపల నీటి చుక్కలు కట్టి, బూజుకు దారి ఇస్తాయి. చిల్లులు లేని సంచిలో బ్రకోలీ పెట్టడం నాకు నచ్చదు. ఆక్సిజన్ మరీ తగ్గిపోతే గంధకం వాసన వస్తుంది, ఆ వాసన వండినా పోదు.

ఏ ట్రీట్‌మెంట్ అయినా, కోసిన పంటను వెంటనే చల్లబరిచాకే దాని ప్రభావం కనిపిస్తుంది. ఎండలో వేడెక్కిన కూరగాయ ఊపిరి వేగంగా పీలుస్తూ, తన తీపినీ తేమనూ గంటల్లో ఖర్చు చేసుకుంటుంది. పోయిన ఆ నాణ్యతను ఏ మందూ తిరిగి తేలేదు. నేను గాలిని పెట్టెల మధ్య నుంచి ఫ్యాన్‌తో లాగి చల్లబరుస్తాను. పెట్టెల చిల్లులు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా పేర్చడం ఇక్కడ అసలు పని.

రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్ పూతను కీరదోసకు వాడి చూశాను. ముడత కొంత తగ్గింది, కానీ ఒక్కో కాయకు బిగువుగా చుట్టే సన్నటి ప్లాస్టిక్ పొర ముందు అది నిలవలేదు. కీరదోసకు నేను ఇప్పుడు ఆ చుట్టునే వాడుతున్నాను, గది 10 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంచుతాను.