జేబులో ఒకటి, మెడలో ఒకటి: పది రోజులు రెండు కెమెరాలతో

మూడో రోజు పొద్దున కొండ ఎక్కుతుంటే సగం దారిలో తమ్ముడు ఆగిపోయాడు. మెడలోని కెమెరా తీసి నా మెడలో వేశాడు. భుజం మీది సంచి కూడా నాకే తగిలించి "అక్కా, ఇక నీ వంతు" అన్నాడు. ఒప్పందం ప్రకారం ఆ రోజంతా వాడే మోయాలి. ఒకరోజు నేను, ఒకరోజు వాడు అని బయల్దేరే ముందే అనుకున్నాం. జేబు కెమెరాకి మాత్రం వంతులు అక్కర్లేకపోయింది. అది ఎవరి జేబులో ఉందో ఒక్కోసారి మాకే గుర్తుండేది కాదు.

కొండమీది ఊరు, కోట, మ్యూజియం, అడవి, చివర్లో సముద్రం. పది రోజుల్లో ఇన్ని చుట్టాం. ఇలాంటి చోట్లు ఎక్కడైనా ఉంటాయి కాబట్టి పేర్లు వదిలేస్తున్నాను. ఏ చోట ఏ కెమెరా పనికొచ్చింది, ఏది బరువైంది అన్నదే నేను చెప్పదలచుకున్నది.

జేబు కెమెరాలో బొమ్మను పట్టే పలక, అంటే సెన్సర్, ఒక అంగుళంది. లెన్సు చూపు పాత ఫిల్మ్ కెమెరాల లెక్కలో 24 నుంచి 70 మి.మీ. (అంకె పెరిగేకొద్దీ దూరపువి దగ్గరవుతాయి). వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, అంటే అపర్చర్, ఎఫ్/1.8 నుంచి ఎఫ్/2.8 (అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది). బరువు మూడొందల గ్రాములకు కాస్త తక్కువ. రెండోది మొదటిసారి కొనేవాళ్ల కోసం చేసిన మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని, లెన్సులు మార్చుకోగలిగే కెమెరా. ఏపీఎస్‌-సీ అనే పెద్ద సైజు సెన్సర్, పెట్టెలో బాడీతో పాటే వచ్చే 16-50 కిట్ లెన్సు, అపర్చర్ ఎఫ్/3.5 నుంచి ఎఫ్/5.6. దీనికి తోడు 55-210 జూమ్ ఒకటి, 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు ఒకటి పట్టుకెళ్లాం. సంచితో కలిపి కిలోంబావు దాటింది. విడి బ్యాటరీలు విమానంలో చెకిన్ సామానులో వేయకూడదు కాబట్టి అవీ చేతి సంచిలోకే వచ్చాయి.

అన్నట్టు, ఆ "ఒక అంగుళం" మాట నమ్మకండి. కొలిస్తే 13.2 మి.మీ. వెడల్పు, 8.8 మి.మీ. ఎత్తు ఉంటుంది. మూల నుంచి మూలకు కొలిచినా 16 మి.మీ. రాదు. పాతకాలం వీడియో కెమెరాల్లో గాజు గొట్టాలుండేవి. ఆ గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి సైజు చెప్పే అలవాటు ఇంకా పోలేదు. ఏపీఎస్‌-సీ సెన్సర్ సుమారు 23.5 మి.మీ. వెడల్పు, 15.6 మి.మీ. ఎత్తు. వైశాల్యంలో మొదటిదానికి మూడు రెట్లకు పైనే. ఈ మూడు రెట్లు చూసే నేను మిర్రర్‌లెస్ కొన్నాను.

కొండమీది గెస్ట్‌హౌస్‌కి చేరేసరికి రాత్రయింది. గది చిన్నదే గానీ కిటికీలోంచి కిందికి దిగే సందు, దీపాలు, తడిసిన రాళ్లు కనిపిస్తున్నాయి. అలసట మరిచిపోయి ఇద్దరం కెమెరాలు పట్టుకుని కిందికి పరిగెత్తాం. ఒకే చోట నిలబడి ఒకే దృశ్యం తీశాం. షట్టర్ రెండింటికీ సెకనులో ముప్పయ్యో వంతు. జేబు కెమెరా ఎఫ్/1.8 దగ్గర ఐఎస్ఓ 800తో సరిపెట్టుకుంది (ఐఎస్ఓ అంటే చాలని వెలుతురుని పెంచి చూపే అంకె, అది పెరిగితే ఫొటోలో గింజలు పడతాయి). మిర్రర్‌లెస్ కిట్ లెన్సు ఎఫ్/3.5 కన్నా తెరుచుకోదు కాబట్టి ఐఎస్ఓ 3200కి పోవాల్సి వచ్చింది. గదికొచ్చి రెండూ లాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టి చూశాం. నీడల్లో గింజలు దాదాపు ఒకలాగే ఉన్నాయి. కళ్లు చికిలించి చూస్తే జేబు కెమెరాదే ఒక పిసరు నయం. తమ్ముడు నా మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు.

లెక్క వేసుకుంటే ఇందులో వింతేమీ లేదు. 3.5ని 1.8తో భాగించి వర్గం చేస్తే 3.8 వస్తుంది. అంటే జేబు కెమెరా లెన్సు, సెన్సర్‌లోని ప్రతి చదరపు మిల్లీమీటరు మీదా కిట్ లెన్సు కన్నా దాదాపు నాలుగు రెట్ల వెలుతురు పోస్తోంది. మిర్రర్‌లెస్ సెన్సర్ పెద్దదే గానీ మూడు రెట్లే. సెన్సర్ సంపాదించినదంతా లెన్సు ఖర్చుపెట్టేసింది. జూమ్ చివరికి వెళ్లినా మారదు. అక్కడ ఒకటి ఎఫ్/2.8, రెండోది ఎఫ్/5.6. వెనకభాగం మసకబారడంలోనూ ఇదే లెక్క. కిట్ లెన్సుతో మాత్రమే తిరిగే మిర్రర్‌లెస్, చీకట్లో మంచి జేబు కెమెరా కన్నా బరువులో తప్ప దేనిలోనూ ముందుండదు. దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు. చెబితే పెట్టె కదలదు మరి.

అప్పుడు తమ్ముడు సంచిలోంచి 35 మి.మీ. లెన్సు తీశాడు. అరచేతిలో సగం కూడా లేదు, నూటయాభై గ్రాములుంటుందేమో. అది తగిలించి అదే సందులో కిటికీ దగ్గర కూర్చున్న పిల్లిని తీశాడు. పిల్లి కళ్లు సూదిమొనలా పడ్డాయి, వెనక దీపాలు గుండ్రటి మచ్చలై కరిగిపోయాయి. ఆ చూపు దగ్గర జేబు కెమెరా లెన్సు ఎఫ్/2.8కి వచ్చేస్తుంది. సెన్సర్ తేడా కూడా కలుపుకుంటే మిర్రర్‌లెస్ దాదాపు మూడు స్టాపులు ముందుంది (ఒక్కో స్టాపుకీ వెలుతురు రెండింతలు). నేను కొన్న మూడు రెట్లు అప్పటికి గానీ నా చేతికి రాలేదు.

ఆ గెస్ట్‌హౌస్‌లో మంచం బాగుంది, వేడినీళ్లు మాత్రం అడిగిన గంటకు వచ్చేవి. తెల్లవారుజామున చలికి రెండు బ్యాటరీలూ తొందరగా నీరసపడ్డాయి. విడి బ్యాటరీని లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోవడం మంచిది. వెచ్చబడితే కాస్త తేరుకుంటాయి కూడా. చేతి తొడుగులు వేసుకుంటే జేబు కెమెరా బటన్లు నొక్కడం మహా యాతన. రెండేసి బటన్లు ఒకేసారి పడేవి. మిర్రర్‌లెస్‌కి పట్టు ఉంది, డయల్ వేలికి తగులుతుంది. ఎండెక్కాక కొండమీద స్క్రీన్ కనిపించనప్పుడు, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ విలువ తెలిసొచ్చింది. మిర్రర్‌లెస్ అంటే అది ఉండి తీరుతుందని అనుకోకండి. నికాన్ జెడ్30లో వ్యూఫైండరే లేదు. కొనేముందు చూసుకోవాలి.

మ్యూజియంలో గుమ్మం దగ్గరే సంచి క్లోక్‌రూమ్‌లో పెట్టేయమన్నారు. ఫ్లాష్ వద్దు, ట్రైపాడ్ వద్దు. లెన్సులున్న సంచి అక్కడ వదలడానికి నాకు మనసొప్పలేదు. తమ్ముడేమో చేతులూపుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. చివరికి కిట్ లెన్సు ఒక్కటి తగిలించుకుని నేనూ వెళ్లాను. నిశ్శబ్దంగా ఉన్న హాల్లో నా షట్టర్ చప్పుడు నాకే సిగ్గనిపించింది. సైలెంట్ మోడ్ పెట్టాను. ఇంటికొచ్చి చూస్తే సగం ఫొటోల్లో అడ్డంగా నల్లటి చారలు! ఎల్ఈడీ దీపాలు కంటికి తెలియకుండా వెలిగి ఆరుతుంటాయి. సైలెంట్ మోడ్‌లో పనిచేసే ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ని వరస వెంట వరసగా చదువుతుంది. దీపం ఆరిన క్షణంలో చదివిన వరసలు నల్లగా పడతాయి. జేబు కెమెరాలో షట్టర్ లెన్సు లోపలే రేకులుగా ఉంటుంది. అది ఫ్రేమంతటినీ కలిపి తెరిచి మూస్తుంది, చప్పుడూ దాదాపు ఉండదు. పైగా జూమ్ చేయకుండా వెడల్పు చూపులో ఉంచితే అయిదు సెంటీమీటర్ల దగ్గరికి కూడా ఫోకస్ అవుతుంది. అద్దాల పెట్టెలోని పాత నాణేల మీది అక్షరాలు తమ్ముడి ఫొటోల్లోనే చదవగలిగాం. ఆ పూటకి నా మెడలోనిది వట్టి నగ.

అడవిలో డేరాలు. శుభ్రంగా ఉన్నాయి, మనుషులు మర్యాదగా ఉన్నారు. కరెంటు మాత్రం సాయంత్రం మూడు గంటలే, డేరాకి ఒకే ప్లగ్గు. రెండు కెమెరాలూ యూఎస్‌బీతో చార్జ్ అయ్యేవి కావడంతో పవర్ బ్యాంకు ఆదుకుంది. విడి చార్జరే దిక్కైన కెమెరా అయితే ఇలాంటి చోట టెన్షనే.

ఇక్కడ మిర్రర్‌లెస్ తన బాకీ తీర్చుకుంది. 55-210 లెన్సు చివరన, పాత ఫిల్మ్ లెక్కలో, 315 మి.మీ. చూపు వస్తుంది. చెరువు గట్టున మోడు మీద వాలిన గద్ద నాకు ఫ్రేమ్ నిండా వచ్చింది. తమ్ముడి ఫొటోలో అదొక చుక్క. 200 మి.మీ. దాకా వెళ్లే జేబు కెమెరాలూ లేకపోలేదు. 2019లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 ఏడో మోడల్ అలాంటిదే. గద్దకి అదీ చాలదు. గద్ద లేచినప్పుడు ఫోకస్ దాని వెంటే పరిగెత్తింది, వ్యూఫైండర్‌కి కన్ను ఆనించి ఉండటంతో నేనూ దాన్ని వదల్లేదు. చాచిన చేతుల్లో స్క్రీన్ చూసుకుంటూ ఎగిరే పిట్టను వెతకడం చీకట్లో సూది వెతకడమే.

ఆ ఫొటోలో సగం గొప్ప మా జీపు డ్రైవర్‌ది. ఇంజను నడుస్తుంటే పొడవాటి లెన్సు వణుకుతుందని అడక్కుండానే ఆపేశాడు. ముందురోజు వెళ్లిన బండి డ్రైవర్ మేం నాలుగుసార్లు అడిగినా ఆపలేదు. సఫారీకి బండి మాట్లాడుకునేటప్పుడు సీట్ల గురించి కాదు, ఈ సంగతి అడగండి.

తిరిగొస్తుంటే మలుపులో జింకల మంద దారికి అడ్డంగా, మా బండికి పది అడుగుల్లో నిలబడిపోయింది. నా కెమెరాకి పొడవాటి లెన్సు ఉంది. మార్చే వ్యవధి లేదు, దారంతా దుమ్ము. నాకు పడింది ఒక చెవీ, సగం కన్నూ. తమ్ముడు జేబులోంచి తీసి మంద మొత్తాన్ని, వెనక చెట్లను, చెట్ల మధ్య నుంచి దిగుతున్న ఎండతో సహా పట్టేశాడు. రెండు రోజులపాటు ఆ చెవి గురించే మాట్లాడాడు.

జలపాతం దగ్గర కూడా చిన్నదానిదే పైచేయి. నీళ్లు దూదిలా రావాలంటే షట్టర్ అరసెకను తెరిచి ఉంచాలి. పగటిపూట చెట్ల నీడలో కూడా అంతసేపు తెరవాలంటే వెలుతురు తగ్గించే నల్లటి అద్దం, అంటే ఎన్‌డీ ఫిల్టర్, కావాలి. జేబు కెమెరా లోపలే అది ఉంది. మెనూలో ఆన్ చేసి, కమ్మీ మీద ఆనించి, టైమర్ పెడితే చాలు. అన్ని జేబు కెమెరాల్లో ఉండదు గానీ, ఉంటే ప్రయాణాల్లో వరమే. మిర్రర్‌లెస్‌కి బయటినుంచి బిగించే ఫిల్టర్ కావాలి, మా లెన్సుల మూతి సైజులు ఒక్కటి కావు. నా దగ్గరున్న ఫిల్టర్ కిట్ లెన్సుకి పట్టలేదు.

వీడియోల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నడుస్తూ తీస్తే రెండూ ఊగాయి. ఆ పనికి ఫోనే నయం.

సముద్రం ఒడ్డున తీసుకున్న గది మొత్తం ప్రయాణంలో ఖరీదైనది, బాల్కనీలోంచి అలలు కనిపించేది. ఏసీ గదిలోంచి ఉక్కలోకి వచ్చిన మొదటి పావుగంటా రెండు కెమెరాలకీ లెన్సు మీద ఆవిరే. రెండో పొద్దున్నుంచి బయటికి వెళ్లే అరగంట ముందే సంచితో సహా బాల్కనీలో పెట్టేవాళ్లం. మెల్లగా వేడెక్కితే ఆవిరి పట్టదు.

ఎనిమిదో రోజు సాయంత్రం తమ్ముడు ఇసుకలో కూర్చుని జేబు కెమెరా ఆన్ చేశాడు. గరగరమని చప్పుడు. లెన్సు సగం బయటికొచ్చి ఆగిపోయింది. ఆఫ్ చేసి ఆన్ చేయమని స్క్రీన్ మీద రాసింది. ఎన్నిసార్లు చేసినా మళ్లీ అదే గరగర. జేబులో చేరిన ఇసుక రేణువు గొట్టాల మధ్యకి వెళ్లి ఇరుక్కుంది. లోపలికీ బయటికీ జరిగే లెన్సున్న ప్రతిదానికీ ఈ భయం ఉంది, మా కిట్ లెన్సుతో సహా. తేడా ఏమిటంటే కిట్ లెన్సు పాడైతే తీసి ఇంకొకటి తగిలిస్తాం. జేబు కెమెరాకి లెన్సు పోతే మొత్తం పోయినట్టే. ఊళ్లోకొచ్చాక చూపిస్తే లెన్సు భాగమంతా మార్చాలన్నారు. ఇసుక దగ్గరికి వెళ్లేటప్పుడు జిప్పున్న చిన్న సంచిలో వేసి ఉంచితే ఈ బాధ ఉండేది కాదు. అలాగని మిర్రర్‌లెస్ సుఖంగా లేదు. లెన్సులు మార్చినప్పుడల్లా దుమ్ము సెన్సర్ మీద చేరింది. ఆకాశం తీసి ఎఫ్/11 దగ్గర చూస్తే మూడు బూడిదరంగు చుక్కలు. రబ్బరు బంతి బ్లోయర్‌తో రెండు పోయాయి, మూడోది మొండికేసింది.

చివరి రెండు రోజులూ మిర్రర్‌లెస్ మీద 35 మి.మీ. లెన్సు ఒక్కటే ఉంచి తిరిగాం. జూమ్ కావాలంటే నాలుగడుగులు నడిచాం. ఆ ఒక్క లెన్సుతో అది నిజంగా తేలికే, పెద్ద జాకెట్ జేబులో పట్టింది కూడా. సందేహంలో ఉన్నవాళ్లకి నా మాట ఇది: రెండో లెన్సు కొనే ఉద్దేశం లేకపోతే మిర్రర్‌లెస్ జోలికి పోకండి, మంచి జేబు కెమెరా తీసుకోండి. పక్షులో, పిల్లల మొహాలో, చీకటి గదులో మీకు ముఖ్యమైతే పాత మోడల్ బాడీ అయినా ఫరవాలేదు, మిగిలిన డబ్బు లెన్సు మీద పెట్టండి.

ఇంటికొచ్చాక గోడకీ ఆల్బమ్‌కీ కలిపి ముప్ఫై ఏడు ఫొటోలు అచ్చు వేయించాం. ఇరవై రెండు జేబు కెమెరావి, ఎనిమిదో రోజే పడకేసినా సరే. పదమూడు మిర్రర్‌లెస్ మీద పొడవాటి లెన్సుతో, 35తో తీసినవి. కిట్ లెన్సువి రెండే. అందులో ఒకటి, కొండ దిగి వచ్చి బస్సులో నోరు తెరుచుకుని నిద్రపోతున్న నేను.