జాగ్రత్త: "రిపోర్టులన్నీ ఆభాలో ఉన్నాయి" అన్నారని ఉత్త చేతులతో ఆసుపత్రి మారకండి

ప్రైవేటు ఆసుపత్రుల్లో హెల్త్ చెకప్ ప్యాకేజీలు, ఫ్యామిలీ కార్డులు కొనేవాళ్లకు కౌంటర్లో ఒక మాట బాగా చెబుతున్నారు. "మీ రిపోర్టులన్నీ ఆభాలోకి వెళ్లిపోతాయండీ. రేపు నిమ్స్‌కు పోయినా, కేజీహెచ్‌కు పోయినా అక్కడి డాక్టరు కంప్యూటర్లో చూసుకుంటారు. కాగితాలు మోయక్కర్లేదు." ఆభా అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ హెల్త్ ఐడీ. ఆ మాట నమ్మి డబ్బు కట్టేముందు, ముఖ్యంగా ఆ మాట నమ్మి రోగిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లేముందు ఇది చదవండి.

జరుగుతున్నది ఇది. చేతిలో డబ్బు అయిపోయో, ఆ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ వర్తించకో, మూడో రోజో నాలుగో రోజో రోగిని పెద్దాసుపత్రికి మారుస్తారు. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు మొదట అడిగేది "పాత రిపోర్టులేవి?" అని. ఫోన్‌లో ఆభా యాప్ తెరిస్తే ఒక ఓపీ టోకెను, మహా అయితే ఒక రక్తపరీక్ష కనిపిస్తాయి. డిశ్చార్జ్ సమ్మరీ ఉండదు, స్కాన్ ఉండదు. ఆ రాత్రివేళ ప్రైవేటు ఆసుపత్రి రికార్డుల గదిలో ఫోన్ ఎత్తే మనిషి ఉండడు. మళ్లీ రక్తం తీస్తారు, మళ్లీ స్కాన్‌కు రాస్తారు. కాంట్రాస్టు మందు ఎక్కించి సీటీ తీసి రెండు రోజులు కాకముందే మళ్లీ అదే మందు ఎక్కించడం కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు మంచిది కాదు. పోయేది డబ్బు ఒక్కటే కాదు.

లోపం ఎక్కడుందో తెలిస్తే తప్పించుకోవచ్చు. ఆభా అంటే మీ రిపోర్టులు దాచిపెట్టే పెట్టె అనుకుంటారు చాలామంది. కాదు. అది 14 అంకెల నంబరు, దానికి తోడు ఒక అడ్రసు (ఇంటి చిరునామా కాదు, ఈమెయిల్ ఐడీ లాంటిది). మీ రిపోర్టు ఏ ఆసుపత్రిలో పుట్టిందో ఆ ఆసుపత్రి సర్వర్లోనే ఉంటుంది. మీరు ఒప్పుకున్నప్పుడు అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చే దారి మాత్రమే ఆభా. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను అలాగే కట్టారు. యాప్‌లో "లింక్ అయింది" అని కనిపిస్తే, ఫలానా ఆసుపత్రిలో మీ రికార్డు ఉందని జాబితాలో పేరు ఎక్కిందన్నమాట. మీరు తెరవబోయే వేళకు ఆ ఆసుపత్రి సర్వర్ పనిచెయ్యకపోయినా, వాళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీని మార్చుకుని పాత డేటా వదిలేసినా జాబితాలో పేరు మిగులుతుంది, కాగితం రాదు.

రెండోది ఇంకా పెద్ద చిక్కు. "మా ఆసుపత్రి ఆభాతో కనెక్ట్ అయింది" అన్న మాటలో మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టు ఎం1: మీ ఆభా నంబరు తయారుచెయ్యడం, సరిచూడటం, కౌంటర్ దగ్గర క్యూఆర్ స్కాన్ చేయిస్తే ఓపీ టోకెన్ ఇవ్వడం. రెండో మెట్టు ఎం2: అక్కడ పుట్టిన రిపోర్టును మీ ఆభాకు లింక్ చేసి బయటికి పంపగలగడం. మూడోది ఎం3: వేరే ఆసుపత్రి రిపోర్టును మీ అనుమతితో తెప్పించుకుని చూడగలగడం. ఎం1 దగ్గరే ఆగినా బోర్డు మీద ఆభా లోగో ఉంటుంది. మీరు వదిలి వచ్చే ఆసుపత్రికి ఎం2 ఉండాలి, మీరు వెళ్లే ఆసుపత్రికి ఎం3 ఉండాలి. ఈ రెండూ ఉన్నా, ఓపీ గదిలో వందమందిని చూసే డాక్టరు ముందు కంప్యూటరూ, అనుమతి వచ్చేదాకా ఆగే తీరికా ఉండాలి. కాబట్టి ప్యాకేజీ అమ్మే మనిషిని "ఆభా ఉందా?" అని అడగొద్దు. "ఐపీ (ఆసుపత్రిలో చేరినవాళ్ల) డిశ్చార్జ్ సమ్మరీ ఆభాకు లింక్ చేస్తారా, ల్యాబ్ రిపోర్టులు మాత్రమేనా? రేడియాలజీ రిపోర్టు వెళ్తుందా?" అని అడగండి. రిసెప్షన్‌లో తెలియకపోతే మెడికల్ రికార్డ్స్ విభాగంలో అడగండి. ఆసుపత్రుల్లో దాన్ని ఎంఆర్‌డీ అంటారు. అక్కడివాళ్లకు కచ్చితంగా తెలుస్తుంది.

ఇక మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా తప్పేది పేరు, ఫోన్ నంబరు. యాప్‌లో "రికార్డులు వెతుకు" నొక్కితే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ చూసేవి మొబైల్ నంబరు, ఆభా నంబరు, పేరు, పుట్టిన సంవత్సరం, ఆడ లేక మగ. ఆధార్‌లో "కొండపల్లి వెంకట లక్ష్మి" అని ఉంటుంది. ఆసుపత్రిలో కంగారులో "కె.వి. లక్ష్మి" అని రాయించి ఉంటారు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం 1958 ఉంటే, కౌంటర్లో వయసు అడిగినప్పుడు ఉజ్జాయింపుగా "అరవై" అంటారు, సాఫ్ట్‌వేర్ దాని నుంచి ఏదో ఒక సంవత్సరం లెక్కగట్టుకుంటుంది. ఫోన్ నంబరు అమ్మది కాకుండా హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకుది ఇస్తారు. ఇన్ని తేడాలతో రికార్డు దొరకదు. ఒకవేళ దొరికినా లింక్ చేయడానికి వచ్చే ఓటీపీ ఆసుపత్రిలో రాయించిన నంబరుకే పోతుంది. ఆ కొడుకు నిద్రలో ఉంటే అక్కడితో ఆగిపోయినట్లే.

ఇంట్లో అందరికీ ఒకే ఫోన్ నంబరు ఇవ్వడం ఇంకో ప్రమాదం. ఒకే నంబరు మీద భార్యాభర్తలిద్దరి ఫైళ్లూ ఉన్నప్పుడు హడావిడిలో ఒకరి రిపోర్టు ఇంకొకరికి లింక్ అయ్యే అవకాశం ఉంది. షుగర్ లేని మనిషి ఖాతాలో షుగర్ రిపోర్టు కూర్చుంటే కొత్త ఆసుపత్రిలో డాక్టరు దాన్నే నమ్ముతారు. యాప్‌లో రిపోర్టు కనిపించగానే సంబరపడకుండా తెరిచి పేరు, వయసు, తేదీ మూడూ చదవండి.

మరి ఏం చెయ్యాలి? రిజిస్ట్రేషన్ రోజునే ఆధార్ ముందు పెట్టి అక్షరం అక్షరం అలాగే పేరు రాయించండి, పుట్టిన తేదీ చెప్పండి, రోగి దగ్గరుండే ఫోన్ నంబరే ఇవ్వండి. ఆభాలో పేరు ఆధార్ నుంచి వస్తుంది కాబట్టి పేరు తప్పుంటే ముందు ఆధార్‌లో దిద్దించుకోవాలి. మొబైల్ నంబరు మాత్రం ఆభా యాప్‌లోనే మార్చుకోవచ్చు. ఇంటికొచ్చిన ఏఎన్‌ఎమ్మో, ఆసుపత్రి కౌంటరో ఎప్పుడో ఓటీపీ అడిగి ఆభా తీసి ఉంటే, మీకు తెలియకుండానే నంబరు ఉండొచ్చు. అదే ఆధార్‌తో మళ్లీ ప్రయత్నిస్తే పాత నంబరే వస్తుంది. కానీ అడ్రసులు రెండు మూడు ఉండే వీలుంది. ఒక ఆసుపత్రి ఒకదానికి, ఇంకో ఆసుపత్రి ఇంకోదానికి లింక్ చేస్తే సగం రికార్డులు ఒక చోట, సగం మరో చోట పడతాయి. ఒక్క అడ్రసే ఎంచుకుని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, అన్ని కౌంటర్లలో అదే చెప్పండి. పాత ఆసుపత్రికి మళ్లీ వెళ్తే కొత్త యూహెచ్ఐడీ, అంటే ఆ ఆసుపత్రి రోగికి ఇచ్చే నంబరు, తీయనివ్వకండి. రెండు యూహెచ్ఐడీలుంటే పాత విజిట్లు వెనకే ఉండిపోతాయి. ఇప్పటికే రెండు ఉంటే కలపమని ఎంఆర్‌డీలో రాసివ్వండి.

డిశ్చార్జ్ రోజు బిల్లు కట్టి బయటపడాలనే తొందర ఉంటుంది, తెలుసు. అయినా ఒక్క పావుగంట ఆగండి. యాప్‌లో ఆ ఆసుపత్రి పేరు మీద డిశ్చార్జ్ సమ్మరీ తెరుచుకుంటుందా చూడండి, పీడీఎఫ్ దించుకుని ఫోన్‌లో విడిగా దాచుకోండి. చివరి పేజీలో డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా, లేక పేజీ మీద "డ్రాఫ్ట్" అనో "ప్రొవిజనల్" అనో ఉందా చూడండి. డ్రాఫ్ట్ మీద కొత్త ఆసుపత్రి మందులు నిర్ణయించదు. ఆ తర్వాత "ఇంకా రావాల్సిన రిపోర్టులేవి?" అని తప్పకుండా అడగండి. బ్లడ్ కల్చర్‌కు రెండు మూడు రోజులు, బయాప్సీకి వారం దాకా పడుతుంది. మీరు వెళ్లిపోయాక వచ్చిన రిపోర్టు తనంతట తాను ఆభాలో చేరుతుందనుకోకండి. సెప్టిసీమియా (రక్తంలో ఇన్ఫెక్షన్) రోగికి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో చెప్పేది ఆ కల్చర్ రిపోర్టే.

యాప్‌లో ఎంత బాగున్నా చేతిలో పట్టుకుని వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. వీటిని వదిలి ఆసుపత్రి గడప దాటొద్దు.

సీటీ, ఎంఆర్ఐ, యాంజియోగ్రామ్: యాప్‌లోకి సాధారణంగా వచ్చేది రేడియాలజిస్టు రాసిన రెండు పేజీల రిపోర్టు. బొమ్మలు రావు. సర్జన్‌కు బొమ్మలే కావాలి. సీడీ అడిగి తీసుకోండి, అక్కడే ఒక కంప్యూటర్లో పెట్టించి చూడండి. లోపల డైకామ్‌డిర్ (DICOMDIR) అనే ఫైలు ఉంటే అసలు బొమ్మలున్నట్లు. నాలుగైదు జేపీజీ ఫొటోలు మాత్రమే ఉంటే అది పనికిరాదు, మళ్లీ రాయించండి.

బయాప్సీ చేసి ఉంటే రిపోర్టు ఒక్కటి చాలదు. క్యాన్సర్ వైద్యానికి పెద్ద సంస్థలు సాధారణంగా స్లైడ్లను తమ పాథాలజిస్టు చేత మళ్లీ చదివించుకుంటాయి, మైనపు బ్లాకు మీద అదనపు పరీక్షలు చేస్తాయి. ల్యాబ్‌లో ఉత్తరం ఇచ్చి బ్లాకులు, స్లైడ్లు తీసుకోండి. బ్లాకు మీద నంబరు, రిపోర్టు మీద నంబరు ఒకటేనా చూసుకోండి. బ్లాకు ఎండలో, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కరుగుతుంది.

స్టెంట్ వేస్తే దాని పెట్టె మీద ఒక స్టిక్కరు ఉంటుంది. కంపెనీ, వెడల్పు, పొడవు, లాట్ నంబరు దాని మీదే. "3.0 × 28 మి.మీ." లాంటి అంకెలు కనిపిస్తాయి. ఆ స్టిక్కరు డిశ్చార్జ్ సమ్మరీకి అంటించమనండి. పేస్‌మేకర్‌కైతే కార్డు ఇస్తారు.

ఈసీజీ కాగితం థర్మల్ కాగితం, కొన్ని నెలల్లో రంగు వెలిసిపోతుంది. ఆ రోజే జిరాక్స్ తీయించండి. ఛాతీనొప్పి వచ్చిన మొదటి గంట ఈసీజీ తర్వాత ఇంకెక్కడా దొరకదు.

కేస్ షీటు ఇవ్వమంటే "అది ఆసుపత్రి ఆస్తి" అంటారు. ఒరిజినల్ వాళ్లదే కావచ్చు, నకలు మీ హక్కు. వైద్యుల ప్రవర్తనా నియమావళి, 2002 ప్రకారం ఐపీ రోగుల రికార్డును వైద్యం మొదలైన తేదీ నుంచి 3 ఏళ్లు దాచాలి. రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నోటితో అడగకండి. ఐపీ నంబరు, తేదీలు, ఏమేం కావాలో రాసి రెండు కాపీలు ఇవ్వండి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. జిరాక్స్ ఖర్చు అడిగితే ఇచ్చి రసీదు తీసుకోండి. ఇవ్వకపోతే రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆభా లింకుల సమస్యలకు 14477.

కార్డుల విషయంలోనూ తికమక పెట్టి అమ్ముతున్నారు. ఆభా కార్డు చూపిస్తే ఉచిత వైద్యం రాదు, అది బీమా కాదు. ఆయుష్మాన్ కార్డు వేరు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వర్తించే పథకం అది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ మళ్లీ వేరు. ప్రైవేటు నుంచి మారేటప్పుడు ఈ పథకాల అనుమతికి కావాల్సిన కాగితాలు ఆసుపత్రిలో ఈ పథకాల పని చూసే ఆరోగ్యమిత్ర చెబుతారు. ఆభా తీసుకోవడానికి పైసా ఖర్చు లేదు. దానికి డబ్బు అడిగినా, ప్లాస్టిక్ కార్డు తప్పనిసరి అన్నా కట్టకండి. "ఆభా అప్‌డేట్" పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (ఫోన్లో యాప్ ఎక్కించే) ఫైలు తెరవకండి. తెరిచి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

అనుమతి అడిగే తెర వచ్చినప్పుడు కళ్లు మూసుకుని ఒప్పుకోకండి. అక్కడ నాలుగు సంగతులుంటాయి: ఎందుకు, ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, అనుమతి ఎప్పటివరకు. మోకాలి నొప్పికి వెళ్లిన చోట పదేళ్ల మానసిక వైద్యం కాగితాలు చూపించాల్సిన పని లేదు. తేదీలు కుదించండి, గడువు వారం పెట్టండి. పని అయ్యాక రద్దు చేయండి. రద్దు చేస్తే ఆ ఆసుపత్రివాళ్లు ఇకముందు మీ రికార్డులు తెచ్చుకోలేరు, అప్పటికే తెచ్చుకున్నది వెంటనే వెనక్కి రాదు. అందుకే ఇచ్చేముందే ఆలోచించుకోవాలి.

చివరగా, ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఇది. ప్రైవేటు చీటీలో బ్రాండు పేర్లుంటాయి, ప్రభుత్వ ఫార్మసీ జనరిక్ ఇస్తుంది. డిజిటల్ రికార్డు తెరుచుకోకపోతే కొత్త డాక్టరు తన చీటీ తాను రాస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు రెండు సంచుల మందులూ వేసుకుంటారు. టెల్మా అన్నా టెల్మిసార్టన్ అన్నా ఒకటే బీపీ మాత్ర. రెండూ వేసుకుంటే బీపీ పడిపోయి బాత్రూంలో పడిపోతారు. క్లోపిలెట్, క్లోపిడోగ్రెల్ ఒకటే. ఎకోస్ప్రిన్-ఏవీలో ఆస్పిరిన్‌తో పాటు అటోర్వాస్టాటిన్ కూడా ఉంది, విడిగా ఇచ్చిన అటోర్వాస్టాటిన్ దాని మీద అదనం. ఆసుపత్రి మారిన రోజే పాత స్ట్రిప్పులు, కొత్త స్ట్రిప్పులు బల్ల మీద పరిచి, బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు, మిల్లీగ్రాములు ఒక కాగితం మీద రాయండి. ఒకే పేరు రెండుసార్లు వస్తే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఫార్మసిస్టునో డాక్టరునో అడిగి, తీసేయమన్న స్ట్రిప్పు ఆ పూటే ఇంట్లోంచి తీసేయండి.