మిస్సింగ్ కొట్టే బండికి చౌక ఓబీడీ స్కానర్: ఏళ్లు వాడాక నా మాట

వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ నమోదు చేసిన తప్పుల్ని చదివే పరికరం) కొనాలా వద్దా అని ఎవరైనా అడిగితే కొనమనే చెబుతాను. కాకపోతే అది చూపించే కోడ్ (తప్పుకి కంప్యూటర్ ఇచ్చే నంబరు) కోసం కాదు, లైవ్ డేటా (ఇంజిన్ నడుస్తుండగా కనిపించే అంకెలు) కోసం. నా పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌తో బెంగళూరు ట్రాఫిక్‌లో ఇన్నేళ్లు వాడాక నాకు తేలింది ఇదే.

ముందు వస్తువు గురించి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉంటుంది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరవడమే. మన దేశంలో కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి, కాబట్టి ఆ తర్వాతి బండి అయితే అనుమానం అక్కర్లేదు. డబ్బా మీద ఈఎల్ఎం327 అని ఉంటుంది. అది ఒక కెనడా కంపెనీ చేసిన చిప్ పేరు. మార్కెట్లో చౌకగా దొరికేవి దాని నకళ్లే. నకలైనా పనిచేస్తుంది గానీ, '2.1' అని రాసి ఉన్నవాటిలో చాలావాటికి సగం కమాండ్లు అర్థం కావు. మా ఆఫీసులో ఒకాయన కొన్నది అలాంటిదే. ఫోన్‌కి కనెక్ట్ అయ్యేది, ఇంజిన్‌తో మాత్రం ఒక్క ముక్క మాట్లాడేది కాదు.

దీని విలువ తెలిసింది ఒక వానాకాలంలో. సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో ఆగితే సీటు కిందనుంచి వణుకు, కదిలితే పికప్ లేదు (మిస్సింగ్ అంటే ఇదే), పైగా చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతోంది. ఆ లైటు ఊరికే వెలిగి ఉంటే మెల్లగా ఇంటికి చేరొచ్చు. కొట్టుకుంటుంటే మాత్రం కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్లి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తోందని అర్థం. వెంటనే పక్కకు ఆపేయడమే మేలు. సర్వీస్ సెంటర్‌లో ఎస్టిమేట్ వేశారు: నాలుగు కాయిల్స్ (ప్లగ్గులకు స్పార్క్ కరెంట్ ఇచ్చేవి), నాలుగు ప్లగ్గులు, ఇంజెక్టర్ క్లీనింగ్. బండి బానెట్ తెరవకుండానే!

నా స్కానర్‌లో వచ్చిన కోడ్ పీ0302. చివరి అంకె సిలిండర్ నంబరు, అంటే రెండోది. పీ0300 వస్తే ఫలానా సిలిండర్ అని తేలలేదన్నమాట. మారతహళ్లిలో హిందూపురం నుంచి వచ్చిన మెకానిక్ ఒకడున్నాడు. కోడ్ చూపిస్తే నవ్వాడు. "అన్నా, ఇది ఏ సిలిండరో చెప్తాది గానీ రోగమేందో చెప్పదు. కాయిల్ కావచ్చు, ప్లగ్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కంప్రెషనే పోయుండొచ్చు." రెండో కాయిల్‌ని మూడో దాంట్లో, మూడోదాన్ని రెండోదాంట్లో పెట్టి, కోడ్ చెరిపి ఒక రౌండ్ వేసి రమ్మన్నాడు. ఈసారి పీ0303 వచ్చింది. కోడ్ కాయిల్‌తో పాటే నడిచింది కాబట్టి తప్పు కాయిల్‌దే. దాని రబ్బరు బూటు తిప్పి చూస్తే లోపల వెంట్రుకవాసి నల్లగీత. వాన తేమకు స్పార్క్ ఆ దారిన పక్కకు పారిపోతోంది. జేసీ రోడ్‌లో ఒక్క కాయిల్ కొన్నాను, పని అయిపోయింది.

ఆ తర్వాతి గొడవ దీనికంటే మొండిది. ఐడ్లింగ్‌లో ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందకీ ఊగుతోంది గానీ లైటూ లేదు, కోడూ లేదు. ఇక్కడే లైవ్ డేటా పనికొచ్చింది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె ఉంటుంది. కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ లేదా తక్కువ పెట్రోల్ పోయాల్సి వస్తోందో అది చెబుతుంది. ఐడ్లింగ్‌లో అది 18 దగ్గర ఉంది, 2500 దాకా రేజ్ చేస్తే 4కి పడిపోయింది. ఇంజిన్ కొద్దిగా గాలి పీల్చేటప్పుడు దొంగదారిన వచ్చే గాలి పెద్ద వాటా, ఎక్కువ పీల్చేటప్పుడు అదే గాలి లెక్కలోకి రాదు. అంటే ఎక్కడో వాక్యూమ్ లీక్. గాలి ఇంజిన్‌లోకి వెళ్లే మానిఫోల్డ్‌కి, ఇంజిన్ లోపలి ఆవిర్లను చేరవేసే పీసీవీ పైపు వంపు కింద పగిలి ఉంది. పైనుంచి చూస్తే నున్నగా ఉంటుంది, వేలితో నొక్కితేనే పగులు నోరు తెరిచేది.

ఒక మాట: ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) వచ్చాక నా బండిలో ఈ అంకె కాస్త పైనే ఉంటోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఇంధనం కాస్త ఎక్కువ పోయాల్సి వస్తుంది, అది మామూలే. ఐడ్లింగ్‌లోనూ రేజ్‌లోనూ ఒకేలా పెరిగితే లీక్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

నచ్చనివీ ఉన్నాయి. డేటా నత్తనడకన మారుతుంది, క్షణంలో వచ్చిపోయే జర్క్ దొరకదు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు ఈ రకం చదవదు. సాకెట్‌లోనే వదిలేసి వారం ఊరెళితే బ్యాటరీ డౌన్. ఐఫోన్ వాళ్లు మామూలు బ్లూటూత్ రకం కొంటే కనెక్ట్ కాదు, వైఫైదో బ్లూటూత్ ఎల్ఈదో చూసుకోవాలి. 'క్లియర్' బటన్ నొక్కేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. తప్పు జరిగినప్పటి ఆర్‌పీఎం, ఇంజిన్ వేడి అందులోనే ఉంటాయి, నొక్కితే కోడ్‌తో పాటు అవీ పోతాయి.

సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు కూడా జేబులో వేసుకెళ్తాను. కోడ్ ఏమీ లేకపోయినా 'రెడీనెస్ మానిటర్లు' (కంప్యూటర్ తనకు తాను చేసుకునే పరీక్షలు) చాలావరకు 'ఇన్‌కంప్లీట్' అని చూపిస్తే, ఈమధ్యే ఎవరో కోడ్లు చెరిపారు లేదా బ్యాటరీ తీశారు. అది అమ్మేవాడినే అడుగుతాను.